తాతయ్య బిగించిన బోల్టులు

మార్చి 9

మనవరాలికి,

నాలుగో తారీఖున నువ్వు రాసిన ఉత్తరం ఎనిమిదిన చేరింది. మూడు పేజీలు. అందులో ఒకటిన్నర పేజీ ఏడుపే. ఏడుపు తీసేసి చదివితే నాకు అర్థమైంది ఇది.

కాగితం మిల్లు వాళ్ళు మీ వర్క్‌షాపుకి ఒక పొడవాటి ఇనుప రోలరు మరమ్మతుకి పంపారు. దాని బరువు చుట్టూ సమంగా ఉందో లేదో తిప్పి చూసే యంత్రం మీ దగ్గర పాడై ఉంది. వాళ్ళు తొందరపెట్టారు. నువ్వు నా పాత పుస్తకం తెరిచి, నేను చేసినట్టే రోలరుని రెండు పట్టాల మీద పెట్టి సరిచూసి, సంతకం పెట్టి పంపావు. మిల్లులో తిరగడం మొదలైన నాలుగో రోజున చివరల్ని పట్టి ఉంచే బేరింగు మూత బోల్టులు ఊడి, రోలరు ఎగిరి, పక్కన నిలబడ్డ మనిషికి భుజం ఎముక విరిగింది. ఇప్పుడు విచారణ వేశారు. తప్పు బరువు సరిచూసిన నీదా, బోల్టులు బిగించిన ఫిట్టరుదా అని. ఎవరిదని తేలితే వాళ్ళ ఉద్యోగం పోతుంది.

ఇంతే కదా. నాకు అర పేజీ పట్టింది. నువ్వు మూడు పేజీలు రాసి ఒక్క కొలతా రాయలేదు. రోలరు పొడవెంత, అడ్డుకొలత ఎంత, నిమిషానికి ఎన్ని చుట్లు, ఏమీ లేవు. "చాలా వేగం" అని రాశావు. చాలా అనేది ఏ యూనిట్టు?

ఫోను చేస్తే ఎత్తలేదని అలిగావట. ఫోనులో ఎవరు ఏమన్నారో రేపటికి ఎవరికీ గుర్తుండదు. రాసి పంపు. రాసినదానికి నువ్వూ జవాబు చెప్పాలి, నేనూ చెప్పాలి.

నాకు ఒళ్ళు మండింది ఆఖరి వాక్యానికి. "అమ్మమ్మా, నీ పద్ధతిలో ఎక్కడైనా లోపం ఉందేమో" అన్నావు. ఫ్యాన్ల కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు బరువు సరిచూసే విభాగం నా చేతిలో ఉంది. పుస్తకంలో పద్నాలుగు వందల పన్నెండు చక్రాలున్నాయి, నంబరు వేసి, తేదీ వేసి. లోపం ఎక్కడ వెతకాలో తెలియాలంటే నీకు దూరం పోనక్కర్లేదు. మీ తాతయ్య అదే కార్ఖానాలో ఫిట్టరు. ఆయన బిగించిన బోల్టులు ఊడబట్టే కదా ఉద్యోగం పోయి, ఇరవై ఆరేళ్ళుగా వరండాలో కుట్టు మిషన్లు బాగుచేస్తున్నారు. ఇంట్లో బల్ల ఊగినా, గొడుగు పిడి కదిలినా "తాతయ్య బిగించిన బోల్టు" అని మీరంతా నవ్వుతూ పెరిగారు. ఆయన కూడా నవ్వేవారు. ఫిట్టర్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా?

ఇది రాస్తుంటే ఆయన "పిల్లని మరీ కసరకు" అంటున్నారు. నేను కసరడం లేదు. అడుగుతున్నాను.

కొలతలు పంపేదాకా ఇంకేమీ రాయని
అమ్మమ్మ


మార్చి 15

అమ్మమ్మకి,

నీ ఉత్తరం చదివి ఏడవలేదు. లెక్కలో వేసుకో.

రోలరు పొడవు ఒక మీటరు నలభై సెంటీమీటర్లు. అడ్డుకొలత యాభై సెంటీమీటర్లు. నిమిషానికి తొమ్మిది వందల చుట్లు. ఎడమ చివర లోపల పగిలితే వెల్డింగు చేశారు. ఆ అతుకు వల్ల అటు బరువెక్కింది. పట్టాల మీద పెడితే దొర్లి, ప్రతిసారీ అతుకు కిందికొచ్చి ఆగింది. నీ పుస్తకంలో ఉన్నట్టే బరువైన వైపుకి సరిగ్గా ఎదురుగా నూట ఎనభై గ్రాముల ఇనుప బిళ్ళ బిగించాను. ఎడమ చివర బిళ్ళకి చోటు లేదు, అందుకని కుడి చివర పెట్టాను. ఆ తర్వాత ఎలా తిప్పి వదిలినా వదిలిన చోటే నిలిచింది. ఇరవై సార్లు చూశాను. ప్రమాదం తర్వాత మిల్లు నుంచి తెప్పించి మళ్ళీ చూశాను. ఇప్పటికీ నిలుస్తోంది.

అందుకే నాకు పిచ్చెక్కుతోంది. నా పని సరిగ్గా ఉంది. ఫిట్టరు బాబాయి పని కూడా సరిగ్గానే ఉందంటున్నాడు. ఆయన్ని నీకు ఎలా చెప్పను? యాభై దాటిన మనిషి, అరచెయ్యి పీటంత ఉంటుంది. "మా ఇంట్లో సీసాలకి మూత నన్ను పెట్టనివ్వరమ్మాయ్, నేను పెడితే తీయడానికి పక్కింటివాళ్ళని పిలవాలి. నేనా వదులుగా వదిలేది?" అని సూపర్‌వైజరు ముందే అన్నాడు. ఆయనకో అలవాటుంది. బిగించాక బోల్టు తల మీదుగా మూత మీదికి కలిసేలా తెల్ల రంగుతో గీత గీస్తాడు. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత తప్పిపోతుంది. ఊడకుండా మిగిలిన రెండు బోల్టుల మీదా గీత తప్పి ఉంది. "బిగించనివాడు గీత ఎందుకు గీస్తాడు? బిగించినవే తిరిగాయి. వాటిని తిప్పిందెవరో వెతకండి" అంటాడు.

నాకు కోపం వచ్చి, అందరి ముందూ "మా తాతయ్య బిగించిన బోల్టుల్లా ఉన్నాయి" అనేశాను. అదేమిటని అడిగితే మన ఇంటి కథ చెప్పాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఇంకో మాట. పొడవాటి వాటి గురించి విడిగా ఏమైనా రాశావేమోనని నీ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చూశాను. నీ చేత్తో వేసిన పేజీ నంబర్లలో 86 తర్వాత 89 ఉంది. మధ్యలో ఒక ఆకు లేదు. కుట్టు దగ్గర సన్నగా చిరుగు అంచు మిగిలి ఉంది. అందులో ఏముండేది?

తాతయ్యకి నా ముద్దులు చెప్పు. నీకు కొలతలే.

నీ మనవరాలు


మార్చి 20

మనవరాలికి,

ఉత్తరం పద్ధెనిమిదిన చేరింది. ఈసారి కొలతలున్నాయి. సంతోషం.

ఆకు సంగతి. మీ అమ్మ చిన్నప్పుడు చించి కాగితం పడవ చేసింది. అంతే. దానికి విచారణ అక్కర్లేదు. మీ వర్క్‌షాపులో ఒకటి నడుస్తోంది కదా, అది చాలు.

రోలరు పట్టాల మీద నిలుస్తోంది అంటున్నావు. నిలిస్తే సరిగ్గా ఉన్నట్టే. ఇరుసుకి ఒక పక్క తిప్పే బలం, అదే టార్కు, రెండో పక్క తిప్పే టార్కు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటేనే నిలుస్తుంది. ఇది నీకు ఎనిమిదో ఏట చెప్పాను, తలుపు దగ్గర నిలబెట్టి. మళ్ళీ చెప్పించుకోవడానికి నీకు సిగ్గుండాలి.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. వాంగ్మూలంలో ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయి: "బరువు సరిచూసిన తర్వాత దానిని ఏ స్థితిలో వదిలినా కదలక నిలిచినది. కావున లోపము సమతూకములో లేదు, బిగింపులో ఉన్నది." ఒక్క అక్షరం మార్చకు. ఇంతకంటే ఎక్కువ మాట్లాడకు. అడిగినదానికే జవాబు చెప్పు.

తెల్ల గీత నన్ను నవ్వించింది. గీత గీయడం ఎవరికి రాదు? ఆయనకి ఇల్లూ పిల్లలూ ఉండొచ్చు, చేతులు పెద్దవై ఉండొచ్చు. సంతకం పెట్టేవాళ్ళు చేతుల సైజు చూసి పెట్టరు. నీకు ఇరవై నాలుగేళ్ళు. ఆ పుస్తకం నీకిచ్చింది సంతకం అనుమానంతో వణకాలని కాదు. మన ఇంట్లో ఆడపిల్ల రాసిన కొలతని ఎవరూ కొట్టిపారేయకూడదని.

మీ తాతయ్య నీ ఉత్తరం చదివి పెట్టమన్నారు. ఆయన కళ్ళద్దాల కాడ విరిగింది. కొలతలే ఉన్నాయి, మీకు విసుగు అని చెప్పాను.

చెప్పినట్టు చేస్తావని
అమ్మమ్మ


మార్చి 27

అమ్మమ్మకి,

చెప్పినట్టు చేశాను. ఒక్క అక్షరం మార్చలేదు. వాంగ్మూలం చదివి పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఇంత స్పష్టంగా ఎవరూ రాయలేదన్నారు. మర్నాడు ఫిట్టరు బాబాయిని సస్పెండ్ చేశారు. ఏప్రిల్ పద్ధెనిమిదిన ఆఖరి విచారణ. అక్కడ కూడా ఇదే నిలబడితే ఆయన ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగం పోతుంది.

పనిముట్ల పెట్టె సర్దుకుంటూ నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను.

"అమ్మాయ్, మీ తాతయ్య బోల్టులు ఊడింది దేనివి?"

"ఏదో గాలి ఊదే బ్లోయరు డ్రమ్ము."

"పొడుగుదా?"

"పొడుగుదే అనుకుంటా."

పెట్టె మూత వేసి తాళం పెట్టాడు. "నువ్వు బిళ్ళ ఏ చివర పెట్టావు?"

"కుడి చివర."

"అతుకో?"

"ఎడమ చివర."

"నాకు నీ అంత చదువు లేదు. కానీ మంచం మోసేటప్పుడు తలవైపువాడు ఇటు లాగి, కాళ్ళవైపువాడు అటు లాగితే మంచం ఎక్కడికీ పోదు. మెలి తిరుగుతుంది. దాని మీద ఎవరైనా పడుకుని ఉంటే వాడి పళ్ళు రాలతాయి." ఇంతే అని పెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిండి మానేసి ఒక చీపురు కర్ర ముక్క తీసుకున్నాను. ఎడమ చివర పైన ఒక బంకమట్టి ముద్ద, కుడి చివర కింద సరిగ్గా అంతే ముద్ద. రెండు స్కేళ్ళ మీద పెడితే ఎక్కడ వదిలినా నిలిచింది, నా రోలరులాగే. తర్వాత కర్ర చివర డ్రిల్లు మిషనుకి బిగించి తిప్పాను. చేతిలోంచి పోబోయింది. కుడివైపు ముద్దని తీసి ఎడమ చివరే, మొదటి ముద్దకి ఎదురుగా పెట్టి తిప్పాను. నున్నగా తిరిగింది.

నిలబడి ఉన్నంతసేపూ రెండు బరువులూ ఒకదాన్నొకటి ఆపుతాయి. తిరిగేటప్పుడు అతుకు ఎడమ చివరని పైకి లాగుతుంటే, నా బిళ్ళ కుడి చివరని కిందికి లాగుతుంది. అర చుట్టు తిరిగేసరికి అటుది ఇటు, ఇటుది అటు. సన్నటి ఫ్యాను చక్రానికి చివరలంటూ లేవు కాబట్టి నీ పద్ధతి సరిపోయింది. పొడవాటి దానికి సరిపోదు. లెక్క వేశాను. ఒక్కో చివర నలభై కిలోల బరువంత లాగుడు. సెకనుకి పదిహేను సార్లు పైకీ కిందికీ. నాలుగు రోజులు. బోల్టుల్ని తిప్పింది అదే. అంటే నేనే.

తలుపు దగ్గర నిలబెట్టి నాకు నేర్పింది ఏమిటో గుర్తుందా? బందు దగ్గర తోయమన్నావు, కదల్లేదు. గడియ దగ్గర వేలితో తోయమన్నావు, తెరుచుకుంది. "ఎంత అని మాత్రమే చూడకు, ఎక్కడ అని చూడు" అన్నావు. అది తెలిసిన మనిషి, బిళ్ళ ఏ చివర పెట్టాలో పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఎందుకు రాయలేదు?

అమ్మని అడిగాను. "ఆ పుస్తకం ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టేది, చించడం కూడానా" అంది. పైగా 86వ పేజీ మీదున్న తేదీ అమ్మ పెళ్ళైన ఏడాదిది. ఇరవై ఒక్కేళ్ళ పెళ్ళికూతురు కాగితం పడవలు చేసిందా?

ఇంకొకటి. పేజీకి ఏడెనిమిది నంబర్లు రాస్తావు. ఆకు పోతే అందులోవన్నీ పోవాలి. పోయింది ఒక్కటే, 633. మిగతావి 89వ పేజీలో ఉన్నాయి, తేదీలు వేరైనా ఒకే సిరాతో, ఒకే కూర్చోవడంలో రాసినట్టు.

జవాబు కావాలి.

మనవరాలు


ఏప్రిల్ 1

మనవరాలికి,

చీపురు కర్ర పట్టుకుని నాకు పాఠం చెప్పే దాకా వచ్చావు.

నిన్ను వర్క్‌షాపులో చేర్చుకోవడానికి సూపర్‌వైజరు "ఆడపిల్ల, ఇనుము" అని నసిగితే, బస్సులో ఆరు గంటలు వచ్చి ఆయన ముందు కూర్చున్నది ఎవరు? పుస్తకం బల్ల మీద పెట్టి, ఏ నంబరైనా అడగండి చెబుతాను అన్నది ఎవరు? ఆయన పదకొండు అడిగాడు. పదకొండూ చూడకుండా చెప్పాను. ఆ పుస్తకం మీద నీకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అదే పుస్తకంలో దొంగల్ని వెతుకుతున్నావు.

ఒక ఆకు లేదు. నూట తొంభై రెండు పేజీల పుస్తకంలో ఒక ఆకు. దాని కోసం పెళ్ళైన ఏడాదులు లెక్కపెట్టావు. నన్ను అబద్ధాలకోరు అనడానికి మీ అమ్మా నువ్వూ కూడబలుక్కున్నారన్నమాట.

పుస్తకం వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. నీకు దాని అర్హత లేదు.

వాంగ్మూలం ఇచ్చేశావు. ఇచ్చాక మార్చేవాళ్ళని ఏమంటారో తెలుసా? రేపటి నుంచి నువ్వు ఏ కొలత రాసినా "ఇది మొన్నటి కొలతా, ఇవాళ్టి కొలతా" అని అడుగుతారు. ఆ ఫిట్టరుకి ఇంకో చోట పని దొరుకుతుంది. చేతిలో పని ఉన్నవాడు పస్తుండడు. మీ తాతయ్య ఉన్నారా?

నీ లెక్క చూశాను. నలభై కాదు. నలభై పాయింటు ఏడు.

అమ్మమ్మ


ఏప్రిల్ 6

అమ్మమ్మా,

పుస్తకం పంపను.

నీ ఉత్తరంలో తిట్లున్నాయి, బస్సుంది, సూపర్‌వైజరున్నాడు. 633 లేదు. నా లెక్క తప్పని మాత్రం రాయలేకపోయావు. దశాంశం దాకా సరిచేసి పంపావు.

మొన్న ఫిట్టరు బాబాయి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టాడు. ఆయన భార్య లోపలికి రమ్మనలేదు. గోడ పక్కన పనిముట్ల పెట్టె, ఆ తాళం అలాగే ఉంది. "ఖాళీగా ఉంటే ఇంట్లోవాళ్ళు నన్ను కూడా సీసా మూతల్లా చూస్తున్నారమ్మాయ్, జాగ్రత్తగా, దూరంగా" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"చేతిలో పని ఉన్నవాడు పస్తుండడు, మీ తాతయ్య ఉన్నారా" అని రాశావు. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను. వరండాలో కుట్టు మిషను ముందు ఇరవై ఆరేళ్ళు కూర్చున్న మనిషి కనిపించాడు. నేను ఐదేళ్ళ పిల్లగా ఆయన కుర్చీ ఊపి "తాతయ్య బోల్టు, తాతయ్య బోల్టు" అని గంతులేయడం కనిపించింది. ఆ ఆట నాకు ఎవరు నేర్పారు?

సూటిగా అడుగుతున్నాను. 633 నంబరు బ్లోయరు డ్రమ్మేనా? దాని బోల్టులు బిగించింది తాతయ్యేనా? బరువు ఏ చివర పెట్టావు?

నువ్వు చెప్పినా చెప్పకపోయినా పద్ధెనిమిదిన నా వాంగ్మూలం వెనక్కి తీసుకుంటాను. కానీ నా మాట ఒక్కటే ఉంటే, చిన్నపిల్ల, భయపడి మాట మార్చింది అంటారు. నాకంటే ముందు ఇదే తప్పు ఒకరు చేసి, రాసి పెట్టి ఉంటే నమ్ముతారు.

మనవరాలు


ఏప్రిల్ 11

మనవరాలికి,

ఇందులో ఒక ఆకు పెట్టాను. 87, 88. చిరుగు అంచుని పుస్తకంలో మిగిలిన అంచుకి ఆనించి చూడు. కలవాలి. బీరువా అడుగు అరలో పరిచిన కాగితం కింద ఇరవై ఆరేళ్ళు ఉంది. కొద్దిగా పసుపు పట్టింది. అక్షరాలు చెదరలేదు.

633 చదువు. బ్లోయరు డ్రమ్ము, పొడవు ఒక మీటరు ఇరవై. బరువైన చోటు మోటారు చివర. ఎదురు బరువు నూట నలభై గ్రాములు, అవతలి చివర. కదలక నిలిచినది. నా సంతకం. కింద ఇంకో సిరాతో తొమ్మిది రోజుల తర్వాతి తేదీ వేసి రాసినది కూడా చదువు: "ఎదురు బరువు అదే చివర పెట్టవలసినది. బోల్టులు వదులుగా లేవు. డ్రమ్మే ఊడదీసినది. తప్పు నాది."

ఆ డ్రమ్ము ఊడినప్పుడు ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడ కూలింది. నేను సంతకం పెట్టిన ఆరో రోజున విచారణ జరిగింది. నీకు రాసిచ్చిన వాక్యం నేను ఆలోచించి రాసింది కాదు. ఆ రోజు నేను చెప్పిందే. కంఠతా వచ్చు. బోల్టులు బిగించిన ఫిట్టరుని తీసేశారు. ఆయన నా భర్త అని అందరికీ తెలుసు. భర్తని కూడా చూడకుండా నిజం చెప్పింది అని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు మీద ఇంకో పదకొండేళ్ళు పనిచేశాను. అప్పటి నుంచి పొడవాటివి ఏవొచ్చినా బయటికి పంపమన్నాను, మళ్ళీ ముట్టుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

తొమ్మిదో రోజున డ్రమ్ము ముక్కలు చూస్తుంటే అర్థమైంది. పుస్తకంలో రాయకుండా ఉండలేకపోయాను. రాశాక ఉంచలేకపోయాను. మిగతా నంబర్లు 89లో ఎక్కించి ఆకు చింపాను. కాల్చెయ్యాల్సింది. లెక్కని ఎలా కాలుస్తారు?

నన్ను సాగనంపిన రోజున ఆయన పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ కార్ఖానా గేటు దాటారు. వెనక వరసలో కూర్చున్నారు. ఒక్క తప్పూ లేని రికార్డు అని మేనేజరు అంటే అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇవాళ ఉదయం ఆయన మిషనుకి నూనె వేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆకు మొత్తం చదివి వినిపించాను. సంతకంతో సహా. ఆయన నూనె వేయడం ఆపలేదు.

"తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"ఆ బోల్టులు బిగించింది నేనే కదా. అవి ఎంత బిగువుగా ఉన్నాయో నాకు తెలీదా?"

నాకు ఎంత కోపం వచ్చిందో నీకు చెప్పలేను. తెలిసి ఆ రోజు నోరెందుకు మూసుకున్నారని అడిగాను. తెలిసి ఇరవై ఆరేళ్ళు ఆ వెటకారానికి పిల్లలతో కలిసి ఎలా నవ్వారని అడిగాను. నన్ను తిట్టొచ్చు కదా, కొట్టొచ్చు కదా, ఇల్లు విడిచి పోవచ్చు కదా అని గొంతు పోయేలా అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

"నువ్వు చెబుతావని చూశాను. మొదటి ఏడాది చూశాను. తర్వాత మానేశాను" అన్నారు.

నూనె డబ్బా మూత పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళారు. నేను స్టూలు మీదే ఉన్నాను. ఆయన నవ్వేవారని మొదటి ఉత్తరంలో నీకు రాశాను. అది కొట్టెయ్యి. నవ్వినట్టు కనిపించేవారు అని దిద్దుకో.

ఈ ఆకు విచారణలో పెట్టు. ఎవరిదని అడిగితే నా పేరు, నా చిరునామా ఇవ్వు. రమ్మంటే వస్తాను. నీ వాంగ్మూలంలో ఆ వాక్యం నాది, నీది కాదని కూడా చెప్పు. సంతకం మాత్రం నీదే. దాని నుంచి నేను తప్పించలేను, తప్పించను.

నీ మీద కోపం తగ్గలేదు. 89వ పేజీ సిరా అంత పట్టిపట్టి చూడకపోతే నీ సొమ్మేం పోయింది? చూశావు. నేను నేర్పినట్టే చూశావు.

అమ్మమ్మ


ఏప్రిల్ 22

అమ్మమ్మకి,

అంచు కలిసింది. దారం కన్నాలతో సహా.

పద్ధెనిమిదిన ఆకుని బల్ల మీద పెట్టాను. ముందు నా వాంగ్మూలం చదివారు, తర్వాత నీ 633 చదివారు. చీపురు కర్ర కూడా పట్టుకెళ్ళాను. వాళ్ళే డ్రిల్లుకి బిగించి తిప్పి చూశారు. పెద్దాయన చేతిలోంచి కళ్ళజోడు జారింది.

ఫిట్టరు బాబాయిని మర్నాడే పనిలోకి రమ్మన్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు, కానీ ఏడాది పాటు నా సంతకం చెల్లదు. నేను చూసిన ప్రతి చక్రం కింద ఇంకొకరు సంతకం పెట్టాలి. మిల్లులో దెబ్బ తగిలిన ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. మొహం అటు తిప్పుకున్నాడు. మళ్ళీ వెళతాను.

బాబాయి క్షమించానని అనలేదు. పెట్టె తాళం తీస్తూ "మీ తాతయ్య ఎలా ఉన్నాడు?" అని మాత్రం అడిగాడు. నీ ఉత్తరంలో ఉన్నది చెప్పాను. కాసేపు స్పానర్లు వరసలో పేర్చి, "ఒక ఏడాది చూశాడా" అన్నాడు. "నేను వారం చూడలేకపోయాను."

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ఎండాకాలం సెలవులకి రాను. తాతయ్యకి కొత్త కళ్ళద్దాల కాడ పార్సెల్ చేశాను. ఇక నా ఉత్తరాలు ఆయన్నే చదువుకోనివ్వు.

ఆకుని అతికించాను. 633 తన చోట ఉంది.

మనవరాలు


ఏప్రిల్ 28

మనవరాలికి,

ఉత్తరం ఇరవై ఆరున చేరింది. కళ్ళద్దాల కాడ సరిపోయింది. ఉత్తరం ఆయన చదివారు, నాకంటే ముందు. నాతో మాట్లాడటం మామూలుగానే ఉంది. ఆ మామూలుతనం భరించడం నాకు చేతకావడం లేదు. అది నా సంగతి.

ఏడాది సంతకం చెల్లదన్నారు. తక్కువే. సెలవులకి రానన్నావు. అది కూడా సరైనదే.

నిన్న మధ్యాహ్నం అన్నం దగ్గర నా కుర్చీ ఊగింది. వెనక కాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆయన తల ఎత్తి చూశారు, నేను అంటానని, నవ్వడానికి సిద్ధంగా. నేను లేచి స్పానరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వంగి బిగించారు. కొంచెం సేపు పట్టింది. తర్వాత నేను కుర్చీని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగాను, తోశాను, ఎత్తి కింద పడేశాను. బాగా కోపంగానే పడేశాను.

పాత పుస్తకం నీ దగ్గరే ఉంచు. నేను కొత్తది మొదలుపెట్టాను. మొదటి పేజీ, నంబరు ఒకటి, నిన్నటి తేదీ: కుర్చీ వెనక కాలు. బోల్టులు రెండు. బిగించినది మీ తాతయ్య. మూడు సార్లు పరీక్షించితిని. కదలలేదు.

కింద నేను సంతకం పెట్టాను. ఆయన్ని కూడా పెట్టమన్నాను.

అమ్మమ్మ